రెండు సముద్రములను గలిపిన పియేర్ పోల్ రికే

నీరు పల్లమెరుగునను సామెత మనమందర మెరిగినదే. ఎచ్చట విడిచినను నీరు మిట్టనుండి పల్లమునకు బోవును గాని, పల్లమునుండి మిట్టకు దనంతట దాను పోదు. అట్టి నీటిమీద సరకులతో నిండిన పడవలు మిట్ట నెక్కి, ఆవలివైపున దిగి, ఒక సముద్రమునుండి మరియొక సముద్రమునకు బోవలెనన్నచో నేమి చేయవలెను? ఈ ప్రశ్న ఫ్రాన్సు దేశపు రాజులను, మంత్రులను నూరేండ్లకు పైగా వేధించినది. తుదకు దీనికి సమాధానము కనుగొన్నవాడు శిల్పశాస్త్రము నభ్యసించినవాడు గాడు. ఉప్పు పన్నును గుత్తకు దీసికొని వసూలు చేయుచుండిన యొక గృహస్థుడు. ఆతని పేరు పియేర్ పోల్ రికే. ఆతడు ద్రవ్వించిన కాలువ దక్షిణ ఫ్రాన్సులో నేటికిని నిండుగా నున్నది. ఆ మహాకార్యసాధకుని చరిత్రమును, ఆ కాలువలో నీటిమట్టము నిలుపబడు విధమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును దెలుపవలెనని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

చదువరు లొకసారి అట్లాసు తెరచి ఫ్రాన్సు దేశపటమును జూతురు గాక. ఆ దేశమునకు పడమట అట్లాంటికు మహాసముద్రమును, ఆగ్నేయమున మధ్యధరా సముద్రమును గలవు. ఈ రెండింటి నడుమ స్పెయిను, పోర్చుగలు దేశములు అడ్డముగా నున్నవి. పూర్వకాలమున ఒక సముద్రమునుండి రెండవదానికి సరకు పంపవలెనన్నచో ఓడలు ఆ దేశముల నన్నిటిని జుట్టి, జిబ్రాల్టరు జలసంధిగుండ బోవలసి యుండెను. దారిలో తుపానుల భయమొకటి, సముద్రపు దొంగల భయమొకటి, ఫ్రాన్సుతో తరచుగా యుద్ధము చేయుచుండిన స్పెయిను రాజునకు సుంకములు చెల్లింపవలసిన కష్టమొకటి. ఇంటిగుండనే దారి యున్నచో ఊరంతయు జుట్టి పోవనేల? గరోన్ నది టూలూజ్ నగరము ప్రక్కగా బారి అట్లాంటికులో గలియుచున్నది. టూలూజునుండి మధ్యధరా తీరము వరకు ఒక కాలువ ద్రవ్వినచో రెండు సముద్రములును గలియును. ఈ యాలోచన పదునారవ శతాబ్దారంభమున ఫ్రాన్సును బాలించిన మొదటి ఫ్రాన్సువా రాజు కాలమునుండియు నున్నదే. పటములు వ్రాయబడెను, సంఘము లేర్పడెను, కాని ఒక్క తట్ట మన్నైనను దీయబడలేదు.

దానికి కారణము నీరే. టూలూజునకును మధ్యధరా సముద్రమునకును నడుమ నోరూజ్ అను మిట్ట యున్నది. అది సముద్రమట్టమునకు సుమారు 620 అడుగుల యెత్తున నున్నది. దానికి పడమట గురిసిన వాన అట్లాంటికునకును, తూర్పున గురిసిన వాన మధ్యధరాకును బోవును. టూలూజునుండి బయలుదేరిన పడవ ఈ మిట్టను జేరుటకు సుమారు 190 అడుగులు ఎక్కవలెను. అచ్చటనుండి సముద్రమును జేరుటకు 620 అడుగులు దిగవలెను. పడవల నెక్కించుటకును దించుటకును లాకులు గలవు. లాకు కట్టు విద్య ఐరోపాలో అంతకు మునుపే తెలిసినదే. కాని లాకు పనిచేయుటకు నీరు కావలెను. ఆ నీరు మిట్ట నెత్తమునకు ఎక్కడనుండి వచ్చును? మిట్టమీద నది లేదు. క్రిందినుండి నీరు పైకి రాదు. ఇదియే అందరిని నిలిపివేసిన చిక్కు.

కాలువ గట్టులమీద బెరిగిన బాలురకు లాకు క్రొత్త వస్తువు గాదు. అయినను దాని తత్త్వమును ఇచ్చట సంగ్రహముగా జెప్పుట మంచిది. కాలువ మెట్లు మెట్లుగా ద్రవ్వబడును. ఒక్కొక్క మెట్టులో నీరు సమమట్టముగా నిలిచి యుండును. రెండు మెట్ల నడుమ రాతితొట్టి యొకటి కట్టి, దానికి రెండు కొనలయందును తలుపులు పెట్టుదురు. పడవ పైకి బోవలెనన్నచో క్రింది తలుపు తెరచి దానిని తొట్టిలోనికి దెచ్చి, ఆ తలుపు మూసి, పైమెట్టునుండి చిన్న తూములద్వారా నీరు విడుతురు. నీటితోపాటు పడవయు లేచును. తొట్టిలోని నీరు పైమెట్టు నీటితో సమమట్టమైనప్పుడు పైతలుపు దానంతట వదులగును. పడవ ముందునకు సాగును. దిగవలసిన పడవకు ఇదియే తలక్రిందుగా జరుగును. మట్టములు సమమగువరకు తలుపు నెంతమంది త్రోసినను రాదు. సమమైన పిమ్మట ఒక్క మనిషి త్రోసినను వచ్చును. కాని చదువరులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి గలదు. పడవ ఎక్కినను దిగినను ప్రతిసారియు ఒక తొట్టెడు నీరు పైమెట్టునుండి క్రిందిమెట్టునకు బోవును. మిట్టను దాటు ప్రతి పడవయు ఇరువైపులను కొంత నీటిని క్రిందికి దింపును. దీనికి తోడు ఎండకు గొంత ఆవిరియగును, గట్టులలోనికి గొంత యింకును. కావున మిట్టమీది మెట్టునకు పోయినంత నీరు నిత్యము వచ్చుచుండవలెను. అది తగ్గిన నాడు కాలువ యంతయు ఎండిపోవును. కాలువకు ప్రాణము దాని తలయందున్నది.

రికే 17వ శతాబ్దపు తొలి దశకమున, మధ్యధరా తీరమునకు సమీపమందున్న బేజియే పట్టణమున జన్మించెను. ఆతనికి లాటిను, గ్రీకు భాషలు రావు. ఆ కాలమున విద్వాంసుడని పేరొందుటకు ఆ భాషలే ముఖ్యమైనవి. ఆతని నిత్యభాష ఆ ప్రాంతమువారు మాటలాడు ఆక్సిటను భాష. కాని ఆతడు లెక్కలయందు మిక్కిలి చతురుడు; మనుష్యులతో మెలగుటయందు నేర్పరి. లాంగ్‌దోక్ రాష్ట్రమున ఉప్పు పన్ను వసూలు చేయు నధికారమును గుత్తకు బొంది, ఆతడు గొప్ప ధనవంతుడయ్యెను. 1651 వ సంవత్సరమున టూలూజునకు సమీపమున బోన్‌రెపో అను ఎస్టేటును గొనెను.

ఈ ధనమెట్టిదో దాచుట మాకు న్యాయముగా దోచదు. ఉప్పు పన్ను ఆ దేశపు బీదవారికి మిక్కిలి భారమైనది. ఉప్పు లేక ఎవరును బ్రదుకలేరు గదా. అందుచేత ఆ పన్నునుండి తప్పించుకొనుటకు దారి లేకుండెను. రికే గుత్తలో జేరిన రూసియోన్ ప్రాంతమున ఈ పన్నును ఎదిరించి కొండవాసులు తిరుగబడి, అనేక సంవత్సరములు పోరాడిరి. కాలువకు బెట్టుబడియైన ధనములో గొంత ఈ యుప్పు పన్నునుండి వచ్చినదే. మహాకార్యములను శ్లాఘించునప్పుడు వాని వెల నెవరు చెల్లించిరో కూడ దెలిసికొనుట చరిత్రము చదువువారి ధర్మము.

పన్నుల పనిమీద రికే ఊరూర దిరుగుచుండెను. గుఱ్ఱముమీద కొండలు, లోయలు దాటుచు, ఏ వాగు ఎటు పారుచున్నదో, ఏ నేల ఎంత వాలియున్నదో చూచుచుండెను. టూలూజునకు తూర్పుగా నల్లకొండ యను నొక పర్వతశ్రేణి గలదు. అచ్చట వానలు విస్తారము. ఆల్జో, బెర్నసోన్, లాంపీ, రియుతోర్, సోర్ మొదలగు వాగులు ఆ కొండనుండి దిగుచున్నవి. ఈ వాగులు నోరూజ్ మిట్టకంటె ఎత్తైన చోట బుట్టుచున్నవి. కావున వానిని కొండప్రక్కనే పట్టి, స్వల్పమైన వాలుగల పిల్లకాలువగుండ మళ్లించినచో నీరు తన స్వభావము చొప్పున బల్లమునకే పారుచు నోరూజునకు జేరును. అందరును నీటిని మిట్టకు ఎక్కించుట యెట్లని చింతింపగా, రికే మిట్టకంటె ఎత్తుననున్న నీటిని దానిపైకి దించుట యెట్లని యాలోచించెను. నోరూజు చెంత నొక యూటనుండి వచ్చు నీరు ఒక రాయికి దగిలి రెండుపాయలై, ఒకటి తూర్పునకును నొకటి పడమటికిని బారుట చూచినప్పుడు ఆతని కీ యాలోచన తట్టినదని జనశ్రుతి గలదు. అది కథయే కావచ్చును. సంవత్సరముల తరబడి ఆ కొండలలో దిరిగి వాగులను బరిశీలించిన శ్రమ మాత్రము కథ కాదు.

ఈ పరిశీలనలో ఆతనికి దోడ్పడిన యొక సామాన్యుని మనము మరువరాదు. రెవెల్ అను పట్టణమునకు నీటి కాపరిగా నుండిన పియేర్ కాంప్మాస్ అనువానికి ఆ కొండవాగుల నడక యంతయు గరతలామలకము. ఏ వాగు ఏ నెలలో నిండునో, ఏది వేసవిలో నెండునో, ఎచ్చట అడ్డము కట్టినచో నీరు ప్రక్కకు దిరుగునో ఆతడు చూపించెను. ఫ్రాన్సువా ఆండ్రెయోసీ యను యువ శిల్పి నేలమట్టములు కొలిచి పటములు వ్రాసెను. రికే తన బోన్‌రెపో తోటలోనే చిన్న కాలువయు, చిన్న లాకులును, మదుములును గట్టించి, నీరు విడిచి, తన యూహలను బరీక్షించి చూచుకొనెను.

1662 వ సంవత్సరము నవంబరు నెలలో, ఏబదియేండ్లు దాటిన రికే, పదునాలుగవ లూయీ రాజునకు మంత్రియైన కోల్బేరునకు జాబు వ్రాసి తన యుపాయమును దెలిపెను. కోల్బేరు వెంటనే నమ్మలేదు. కాని త్రోసిపుచ్చనును లేదు. రాజాజ్ఞచే నియమింపబడిన సంఘమువారు 1664 వ సంవత్సరాంతమున వచ్చి ప్రదేశములను బరిశీలించిరి. నీరు నిజముగా నోరూజునకు వచ్చునా యనుటయే వారి సందేహము. మాటలతో నీ సందేహము తీరదని, ముందుగా ఒక చిన్న కాలువ ద్రవ్వి నీటిని తెచ్చి చూపవలెనని నిర్ణయమయ్యెను. రికే తన సొంత ధనముతో నీ పరీక్షకు బూనుకొనెను. నీరు రాకున్నచో ధనమును బోవును, పరువును బోవును. 1665 వ సంవత్సరమున కొన్ని నెలలు కూలివాండ్రు కొండప్రక్కల సన్నని కాలువ ద్రవ్విరి. నవంబరు నెలలో నల్లకొండ నీరు వంపులు తిరుగుచు వచ్చి నోరూజ్ మిట్టను జేరెను. నూరేండ్ల సందేహము ఆ దినమున దీరెను. 1666 వ సంవత్సరము అక్టోబరు నెలలో రాజశాసనము వెలువడెను. 1667 వ సంవత్సరమున బని యారంభమయ్యెను.

నీరు వచ్చుట యొకటి, వేసవిలో నిలుచుట యొకటి. వానకాలమున కొండవాగులు పొంగి పొరలును, ఎండకాలమున సన్నబడును. పడవలకు మాత్రము ఏడాది పొడవున నీరు కావలెను. కావున వానకాలపు నీటిని నిలువచేసి వేసవిలో బొదుపుగా విడువవలెను. ఇందులకై లోడో యను వాగునకు అడ్డముగా సెయింట్ ఫెరెయోల్ అనుచోట గొప్ప చెరువు గట్టబడెను. దాని కట్ట సుమారు అర మైలు పొడవు, నూరడుగులకు మించిన యెత్తు. మూడు రాతిగోడలు కట్టి, వాని నడుమ మన్ను గూరిరి. కట్ట యడుగున కమానులతో సొరంగములు గట్టి, లోపల కంచు కుళాయిల నమర్చిరి. నోరూజునకు ఎంత నీరు కావలెనో అంతమాత్రమే ఈ కుళాయిలు త్రిప్పి విడుతురు. నేటి కొలతచే ఆ చెరువులో సుమారు 22 కోట్ల ఘనపుటడుగుల నీరు పట్టును. అప్పటికి ఐరోపాలో అంతటి కట్ట మరియొకటి లేకుండెను.

ఆ కట్టకు గావలసిన మన్నును తట్టలతో మోసినవారిలో స్త్రీలు పెక్కుమంది యుండిరి. ఒక దశలో కాలువ పనులన్నిటిలో జేరి పండ్రెండువేలమంది వరకు పనిచేసిరి. పిరెనీసు కొండలనుండి వచ్చిన స్త్రీలు తమ యూళ్లలో నీటిని మళ్లించుటయందు తరతరములుగా వచ్చిన నేర్పు గలవారనియు, వారి తెలివి కూడ నీ పనికి దోడ్పడెననియు నేటి చరిత్రకారులు కొందరు వ్రాయుచున్నారు. రికే వీరి కిచ్చిన జీతము విషయమున ఆతడు తన కాలమును మించినవాడని చెప్పవచ్చును. పనివారికి నెలజీతము నిర్ణయించి, వాన కురిసి పని యాగిన దినములకును, ఆదివారములకును, పండుగలకును, జబ్బుపడిన దినములకును గూడ కూలి కోయకుండ నిచ్చుచుండెను. దీనిచే పంటలకాలమున గూడ పనివారు ఆతనిని విడిచిపోరైరి. దయయు వివేకమును ఒక్కచోట గలసినప్పుడు పని యెట్లు సాగునో ఇది దృష్టాంతము.

కాలువ ముందునకు సాగినకొలది క్రొత్త చిక్కులు గలిగెను. మొదట లాకు తొట్లను చదరముగా, నిలువుగోడలతో గట్టిరి. 1670 ప్రాంతమున నట్టి లాకు గోడలు వెనుకనున్న మన్ను బరువునకు లోనికి గూలెను. రికే నిరుత్సాహపడక, గోడలను విల్లువలె వంచి కట్టించెను. వంతెనకు గమాను ఎట్లు బరువు మోయునో, పరుండబెట్టిన కమానువంటి యీ గోడ మన్ను త్రోపునకు నట్లు నిలుచును. అందుచే నా కాలువ లాకులు నేటికిని కోడిగ్రుడ్డు ఆకారమున గనబడుచున్నవి. 1672 వ సంవత్సరము నాటికి టూలూజునుండి నోరూజు వరకు పడవలు నడువసాగెను.

మిట్ట నెత్తమున నున్న మెట్టు సుమారు మూడు మైళ్ల పొడవుగలది. దాని పడమటి కొనయందలి లాకునకు మహాసముద్రపు లాకనియు, తూర్పుకొనయందలి దానికి మధ్యధరా లాకనియు పేరులు. నల్లకొండ నీరు ఈ రెండింటి నడుమ కాలువలో బడుచున్నది. ఒక తలుపు తెరచినచో అట్లాంటికు వైపునకును, రెండవది తెరచినచో మధ్యధరా వైపునకును బోవును. ఒకే వాగులో బుట్టిన నీరు కాపరి చేతి చలనముచే రెండు సముద్రములకు బంచిపెట్టబడుచున్నది.

క్రిందిభాగమున లాకుల సంఖ్యను దగ్గించుటకు రికే మరియొక యుపాయము చేసెను. బేజియేకు బడమట సుమారు 33 మైళ్ల పొడవున ఒక్క లాకైనను లేకుండ కాలువను ఒకే మట్టమున నడిపించెను. కొండ వచ్చినచోట ప్రక్కకు దిరుగును, లోయ వచ్చినచోట లోనికి వంగును. మట్టమును మాత్రము విడువదు. పటమున జూచినచో అది పామువలె మెలికలు తిరిగియుండును. అంత దూరము ఏకమట్టముగా నడిపించుటకు నేల నెంత సూక్ష్మముగా గొలువవలెనో గణితము చదువు విద్యార్థులే యూహింపగలరు. దారిలో రెపూద్ర్ అను వాగు అడ్డము వచ్చెను. దానిపై 1676 వ సంవత్సరమున వంతెన గట్టి, వంతెనమీద కాలువను బారించిరి. క్రింద వాగు, మీద కాలువ, కాలువమీద పడవ!

ఈ సమమట్టపు భాగము చివర, 1679 వ సంవత్సరమున, గొప్ప యాపద వచ్చెను. మాల్పా యనుచోట కొండ అడ్డుగా నున్నది. దాని రాయి మెత్తని యిసుకరాయి. త్రవ్వినచో కూలునని అందరును భయపడిరి. రికేకు ప్రతికూలురైనవారు ఇదియే సందని మంత్రికి జాబులు వ్రాసిరి. పని నిలిపివేయబడెను. అప్పటికి కోల్బేరునకు గూడ ఆతనిపై నమ్మకము సడలియుండెను. వెనుకకు మరలినచో మట్టము చెడి, చేసిన శ్రమ యంతయు వ్యర్థమగును. రికే తన మేస్త్రీచే రహస్యముగా సొరంగము ద్రవ్వింపజొచ్చెను. కొండ కూలలేదు. సుమారు 550 అడుగుల పొడవుగల ఆ సొరంగముగుండ నేటికిని పడవలు పోవుచున్నవి. పడవలు పోవు కాలువకై ఐరోపాలో ద్రవ్వబడిన మొదటి సొరంగ మదియే. ఆజ్ఞను మీరి పని చేయుట సర్వత్ర మెచ్చదగినది కాదు. కాని యా కొండను స్వయముగా బరిశీలించినవా డాతడు. చేయరాదని చెప్పినవారిలో బెక్కుమంది దానిని దూరమునుండి చూచినవారు.

మాల్పా దాటిన కొంత దూరమునకు, ఫోన్సెరాన్ అనుచోట, కాలువ ఒక్కసారిగా కొండవాలున దిగవలసి వచ్చెను. అచ్చట ఎనిమిది తొట్లను ఒకదానికొకటి చేర్చి మెట్లవరుసగా గట్టిరి. ఒకదాని క్రింది తలుపే రెండవదానికి మీది తలుపు. పడవ ఈ మెట్లమీదుగా సుమారు డెబ్బది అడుగులు దిగి, రికే పుట్టిన బేజియే పట్టణపు చెంతనున్న ఓర్బ్ నదిని జేరుచుండెను. పూర్వము పడవలు ఆ నదిలోనికి దిగి ఆవలి గట్టు చేరవలసి యుండెను. నదికి వరద వచ్చినను, నీరు తగ్గినను పడవలు దినముల తరబడి నిలిచిపోవుచుండెను. తన మట్టమును దాను నిలుపుకొను కాలువ, మట్టము నిలువని నదికి లోబడవలసి వచ్చెను. 1858 వ సంవత్సరమున నదిపై కాలువ వంతెన కట్టినపిమ్మటగాని యా చిక్కు తీరలేదు.

ఇంతలో ధనము తరిగిపోవుచుండెను. రాజు కొంత, రాష్ట్రసభ కొంత ఇచ్చినను, మొత్తము వ్యయములో సుమారు ఐదవవంతు రికేయే భరింపవలసి వచ్చెను. ఆతడు తన యాస్తిని బెట్టుబడి పెట్టెను. అది చాలక అప్పులు చేసెను. కుమార్తెల కట్నములకై యుంచిన ధనమును గూడ కాలువలో బోసెనని చెప్పుదురు. 1680 వ సంవత్సరము అక్టోబరు నెలలో, టూలూజ్ నగరమున, రికే మృతినొందెను. అప్పటికి కాలువ తీరమున నున్న తో సరస్సును జేరుటకు సుమారు ఒక క్రోసు దూరము మాత్రమే మిగిలియుండెను. ఇరువది లక్షల లీవ్రులకు మించిన ఋణము ఆతని కుమారుల తలమీద బడెను. ఏడు నెలల పిమ్మట, 1681 వ సంవత్సరము మే నెలలో, రాజోద్యోగులు పడవలమీద కాలువ పొడవునను బ్రయాణము చేసి పని ముగిసినదని ప్రకటించిరి. టూలూజునుండి తో సరస్సు వరకు ఆ కాలువ నిడివి 150 మైళ్లు. సరస్సున కావల, సముద్రతీరమున, కాలువకై సెట్ రేవును గట్టించిరి. ఆ కుటుంబమునకు అప్పులు తీరి లాభము కనబడుటకు 1724 వ సంవత్సరము వరకు బట్టెను.

రికే చేసినదంతయు లోపము లేనిదని మేము చెప్పము. ప్రక్కనుండి వచ్చు అనేక వాగులను ఆతడు నేరుగా కాలువలోనికే రానిచ్చెను. వానలు కురిసినప్పుడు ఆ వాగులు ఇసుకను, బురదను దెచ్చి కాలువలో బోయుచుండెను. నీరు హఠాత్తుగా పెరిగి గట్టులు తెగుచుండెను. 1686 వ సంవత్సరమున కోటలు కట్టుటయందు బ్రఖ్యాతుడైన వోబాన్ ఈ కాలువను బరిశీలించి, దాని గొప్పతనమును మెచ్చుకొని, ఈ లోపమును సరిదిద్దు మార్గమును జూపెను. వాగులు కాలువ క్రిందుగా దాటిపోవుటకు పలుచోట్ల తూములును వంతెనలును గట్టబడెను. సెయింట్ ఫెరెయోల్ కట్ట ఎత్తు పెంచబడెను. కొండవాగుల నీరు ఆ చెరువునకు జేరుటకు ఒక క్రొత్త సొరంగము ద్రవ్వబడెను. ఒకడు మొదలుపెట్టిన పని మరియొకని విమర్శచే బూర్ణమగుట లోకమున దరచుగా జరుగునదే.

ఇక నిత్యమును మట్టము నెట్లు కాపాడుదురో చెప్పి ముగింతుము. కాలువలో సుమారు ఆరడుగుల లోతు నీరుండవలెను. తగ్గినచో పడవలడుగు నేలకు దగులును. పెరిగినచో గట్టుమీదుగా పొర్లి, తుదకు గండి పడును. కావున గట్టులలో నచ్చటచ్చట రాతి కలుజులు గట్టబడినవి. నీరు నిర్ణయించిన మట్టమును దాటినంతనే కలుజుమీదుగా దానంతట ప్రక్కవాగులోనికి బోవును. అడుగున నున్న తూములు తలుపులతో నొప్పుచు, అవసరమైనప్పుడు తెరువబడును. పై లాకువారు ఎక్కువ నీరు విడిచినచో క్రింది మెట్టు పొంగును. తక్కువ విడిచినచో క్రింది పడవలు నిలిచిపోవును. అందుచే ప్రతి లాకు కాపరియు తన మెట్టును మాత్రమే కాక, తనకు మీది మెట్టును, క్రింది మెట్టును గూడ తలంచుకొని పనిచేయవలెను. శీతకాలమున గొన్ని వారములు రాకపోకలు నిలిపి, కొంత కొంత భాగమున నీరు తీసివేసి, పూడిక తీసి, తలుపులు బాగుచేయుట ఆ కాలువకు ఆచారము.

రైలుమార్గములు వచ్చినపిమ్మట కాలువమీద సరకుల రవాణా క్రమముగా దగ్గి, 20వ శతాబ్దపు చివరి భాగమున బూర్తిగా నిలిచిపోయెను. నేడు విహారార్థము వచ్చువారి పడవలే దానిమీద దిరుగుచున్నవి. దాని నీరు పొలములకును ఉపయోగపడుచున్నది. 1996 వ సంవత్సరమున యునెస్కో సంస్థవారు ఆ కాలువను ప్రపంచ వారసత్వ సంపదలలో జేర్చిరి. రికే పుట్టిన బేజియే పట్టణమున 1838 వ సంవత్సరమున ఆతని విగ్రహము నిలుపబడెను. కాని కాంప్మాస్ చూపిన వాగులు, స్త్రీలు మోసిన మన్ను, పేరు తెలియని మేస్త్రీలు పేర్చిన రాళ్లు వీని కన్నిటికిని విగ్రహములు లేవు. ఆ కాలువయే వారికి జ్ఞాపకచిహ్నము.

మా పాఠశాలయందలి బాలబాలికలు ఈ చరిత్రమునుండి గ్రహింపదగిన దేమి? రికేకు పెద్ద చదువు లేకుండెను. కాని తనకు దెలియనిదానిని తెలిసినవారి నడిగి నేర్చుకొనుటకు ఆతడు సిగ్గుపడలేదు. నీటి కాపరి మాటను మంత్రి మాటవలెనే శ్రద్ధగా వినెను. తన యూహను ముందు తోటలో, తరువాత సన్నని పిల్లకాలువలో, ఆ పిమ్మటనే దేశములో బరీక్షించెను. గోడ కూలినప్పుడు కారణము వెదకి, గోడ యాకారమునే మార్చెను. ఆతడు తన కాలువ పూర్తియగుట చూడలేదు. అయినను నల్లకొండ నీరు ఆతడు చూపిన దారిని మూడువందల యేబదియేండ్లకు పైగా నోరూజునకు వచ్చుచునే యున్నది.